పల్లం అమ్ముకోవచ్చు, నీటి దారి అమ్మలేం

గోదావరి జిల్లాల్లో ఏ పట్నం శివారుకు వెళ్ళినా ఇప్పుడు వరి కంకుల కంటే ముందు హద్దు రాళ్ళే కనిపిస్తున్నాయి. రాజమహేంద్రవరం చుట్టూ గానీ, భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, అమలాపురం రోడ్ల వెంట గానీ, నిన్నటి దాకా దమ్ము చేసిన మడిలో ఎర్ర గ్రావెల్ తోలి, జెండాలు కట్టి, ఆర్చి నిలబెట్టి గజాల లెక్కన అమ్ముతున్నారు. కొన్నిచోట్ల ప్రైవేటు వెంచర్లు, కొన్నిచోట్ల ప్రభుత్వమే వేసే పెద్ద కాలనీలు. రెంటినీ ఊరివాళ్ళు అడ్డుకుంటున్న సందర్భాలు పెరుగుతున్నాయి. అలాంటప్పుడు మనవాళ్ళు సంఘాన్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మనం ఎవరి పక్కన నిలబడాలి? అమ్ముకునే రైతు పక్కనా, ఇల్లు కావలసిన పేదవాడి పక్కనా, వద్దంటున్న ఊరి పక్కనా?"

అడగవలసిన ప్రశ్నే. దీనికి సూటిగా జవాబు చెప్పకుండా సభల్లో "పంటభూములను కాపాడాలి" అని తీర్మానం చేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. అమ్ముకునే రైతూ మన సభ్యుడే, ఇల్లు లేని కూలీ కూడా మనవాడే, మురుగు పారక చేను కుళ్ళిపోయే కింది రైతూ మనవాడే. అందుకని ఈ నెల ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందుగా మన కళ్ళ ముందు జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకుందాం. కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు ఉన్నాయి. ఆవ అంటే మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల మెరక నుంచి వచ్చిన నీరు చేరి నిలిచే లోతట్టు భూమి. వర్షాకాలంలో నీళ్ళలో ఉంటుంది. సార్వాకు నమ్మకం లేదు, దాళ్వా మీదే ఆశ. 2019లో వచ్చిన ప్రభుత్వం 'నవరత్నాలు – పేదలందరికీ ఇళ్ళు' పథకం కింద రాజమహేంద్రవరం పేదలకు స్థలాలు ఇవ్వడానికి అక్కడ సుమారు 600 ఎకరాలు ఎంచుకుంది. ఎకరం 45 లక్షల రూపాయల ధర మీద పెద్ద వివాదమే నడిచింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఊళ్ళో పదేళ్ళ కుర్రవాణ్ణి అడిగినా చెప్పే మాట ఒకటుంది, అక్కడ వానాకాలంలో నీళ్ళుంటాయని. ఆ మాటే స్థానికులు చెప్పారు, రైతులు చెప్పారు, చివరకు హైకోర్టు దాకా వెళ్ళి చెప్పారు. కోర్టు అడ్డుచెప్పడంతో పంపిణీ ఆగింది. 2020 వానలకు ఆ భూములు నీట మునిగి ఉన్న ఫొటోలు పేపర్లన్నింటిలో వచ్చాయి. కలెక్టరాఫీసులో ఎన్ని ఫైళ్ళు కదిలినా, ఆ ఫొటోల ముందు ఏ ఫైలూ నిలవలేదు.

అదే సంవత్సరం డిసెంబరు 25న మన పాత తూర్పుగోదావరి జిల్లాలోనే, యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో, రాష్ట్రవ్యాప్తంగా 30 లక్షల పైచిలుకు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పట్నంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవులు కొట్టి చదును చేయడం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళవలసి వచ్చింది. ఒక చోట ఆవ, ఒక చోట మడ. రెండూ నీరు ఉండే చోట్లే. ఇది యాదృచ్ఛికం కాదు. ఎవరికీ పెద్దగా పనికిరాదని పుస్తకాల్లో రాసి ఉన్న భూమి, ధర తక్కువ పలికే భూమి, అడిగేవాడు తక్కువ ఉన్న భూమి ఎక్కడుందా అని వెతికితే చూపు పల్లం మీదే పడుతుంది. ప్రైవేటు వెంచర్ల వాళ్ళదీ అదే లెక్క. మెరక ఎకరం కోట్లలో ఉంటుంది, పల్లం అందులో సగానికి వస్తుంది. తక్కువకు కొని గ్రావెల్ తోలితే అదీ మెరకే అవుతుంది. కాగితం మీద లాభం కనిపిస్తుంది. ఆ లాభంలో కొంత కింది రైతు జేబులోంచి పోతోందన్నది మాత్రం కాగితం మీద కనిపించదు.

ఎలాగో లెక్క వేసి చూద్దాం. పల్లంలో 600 ఎకరాల్లో సగటున 3 అడుగుల నీరు నిలిచిందనుకోండి. ఎకరంలో అడుగు లోతు నీరంటే 12 లక్షల లీటర్లకు పైమాటే. ఆ ప్రకారం మొత్తం 220 కోట్ల లీటర్ల పైన. ఆ పల్లాన్ని ఆరడుగులు మెరక చేస్తే ఈ నీరు ఎక్కడికి పోతుంది? ఆకాశంలోకి పోదు. పక్కనున్న 1,800 ఎకరాల్లో అడుగు చొప్పున పరుచుకుంటుంది. అంటే 600 ఎకరాలు అమ్మినవాడికి డబ్బు వచ్చింది, 1,800 ఎకరాలవాడికి పైసా రాకుండా ముంపు వచ్చింది. మన చేలో నారు వేసిన పది రోజులకు అడుగు నీరు నాలుగైదు రోజులు నిలబడితే ఏమవుతుందో ఇది చదివేవారికి చెప్పనక్కర్లేదు. స్వర్ణ లాంటి రకం వేసినా సరే, నారు పూర్తిగా మునిగిందంటే మళ్ళీ విత్తనం కోసం పరుగే.

మెరక చేయడానికి మట్టి లెక్క కూడా చూడండి. ఒక ఎకరం ఆరడుగులు లేపాలంటే 7,400 ఘనపు మీటర్ల మట్టి కావాలి. టిప్పరుకు 10 ఘనపు మీటర్లు వేసుకున్నా 740 ట్రిప్పులు. ఒక్క ఎకరానికి! 600 ఎకరాలకైతే 4 లక్షల 40 వేల ట్రిప్పులు. అంత మట్టి మెట్ట ప్రాంతంలో కొండలూ గుట్టలూ తవ్వితేనే వస్తుంది. ఆ టిప్పర్లు మన పుంతల మీద, కాలువ గట్ల మీద తిరిగితేనే చేరుతుంది. మెట్ట రైతుకు గుట్ట పోతుంది, డెల్టా రైతుకు గట్టు పోతుంది. ఒక కాలనీ కోసం రెండు ప్రాంతాలు దెబ్బతింటాయి.

"నీరు పల్లమెరుగు" అని పెద్దలు ఊరికే అనలేదు. మన డెల్టా మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తోంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుంచి, ఇప్పటి బ్యారేజీ వరకు, నీరు తల దగ్గర నుంచి శివారుకు వాలు మీదే పారుతోంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి 10 లక్షల ఎకరాలకు పైగా ఇలాగే తడుస్తున్నాయి. అయితే కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యం. నీరు పెట్టడం సగం సేద్యం, నీరు తీయడం మిగతా సగం. ఆ సగం సంగతి పాలకులకు ఎప్పుడూ గుర్తుండదు. 1960లలో వరదలు వచ్చి చేలు మునిగితే మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. మురుగు బాగు చేయడానికి మన దగ్గరే పన్ను వసూలు చేసిన చరిత్ర అది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించి దేశమంతా మన వైపు చూసేలా చేసినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల సంగతి కూడా గట్టిగా అడిగాం. మోహన్ కందా కమిటీ వచ్చింది, చూసింది, నివేదిక ఇచ్చింది. కాలువల్లో గుర్రపు డెక్క మాత్రం అలాగే ఉంది.

ఇలా ఉన్న డ్రెయిన్ల మీద ఇప్పుడు కాలనీల నీరు కూడా తోస్తున్నారు. వరి చేలో పడిన వాన కొంత నేల తాగుతుంది, కొంత మడిలో నిలుస్తుంది, మిగిలింది మెల్లగా బోదెలోకి దిగుతుంది. గట్టు కట్టిన మడి ఒక చిన్న చెరువులాంటిది. అదే చోట సిమెంటు రోడ్డూ డాబా కప్పులూ వస్తే పడిన వాన పడినట్టే గంటలో కిందికి వచ్చేస్తుంది. దానితో పాటు ఇళ్ళ వాడుక నీరు, ప్లాస్టిక్కు. అవి తీసుకోవడానికి లేఅవుటు వేసినవాడు కొత్త డ్రెయిన్ తవ్వడు. పక్కనున్న పంట బోదెలోకి ఒక తూము పెట్టి వదిలేస్తాడు. బోదె వెడల్పు ఎంత? రెండు మూరలు. అది మోయలేక పొంగితే కింది రైతు పలుగు పట్టుకుని గట్టు తెగ్గొడతాడు. అక్కడ మొదలవుతుంది రైతుకూ రైతుకూ తగాదా. వెంచరు వేసినవాడు అప్పటికే ప్లాట్లన్నీ అమ్మేసి ఇంకో ఊళ్ళో జెండాలు కడుతుంటాడు.

ఇది పల్లెవాళ్ళ గొడవ, పట్నానికి సంబంధం లేదు అనుకునేవాళ్ళు రాజమహేంద్రవరం చూడాలి. గట్టి వాన పడితే కంబాలచెరువు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. గోదావరి మట్టం పెరిగితే ఊరి నీరు నదిలోకి దిగదు, తిరగబడుతుంది. నది పోటు మీద ఉన్నప్పుడు ఆ నీరు కాసేపు ఆగడానికి చుట్టూ పల్లం ఉండాలి. ఆ పల్లాలన్నీ పూడ్చుకుంటూ పోయి, తర్వాత మోటార్లు పెట్టి తోడతామంటున్నారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన నది ఇది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అలాంటి నది పక్కన ఉంటూ నీటికి చోటు లేకుండా చేసుకోవడం పట్నానికే చేటు.

2024 మనకు రెండుసార్లు పాఠం చెప్పింది. జూలైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నాట్లు నీళ్ళ పాలయ్యాయి. సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉంది. పాలపాకెట్ కోసం, మంచినీళ్ళ సీసా కోసం జనం డాబాల మీద నిలబడి చేతులు చాపారు. బుడమేరు ఆ రోజు కొత్త దారి తొక్కలేదు, తన పాత దారికే వచ్చింది. మధ్యలో ఇళ్ళు వచ్చాయంతే. రాజధాని ప్రాంతంలో కొండవీటి వాగు నీరు తోడి కృష్ణలో పోయడానికి ఉండవల్లి దగ్గర ఎత్తిపోతలే కట్టవలసి వచ్చింది. పల్లంలో కట్టాక జీవితాంతం కరెంటు బిల్లు కట్టాల్సిందే. రాజధానికైతే ప్రభుత్వం కడుతుంది. సెంటు స్థలంలో ఇల్లు కట్టుకున్న కూలీ కాలనీకి మోటారు ఎవరు పెడతారు?

ఇప్పుడు మనవాళ్ళ అభ్యంతరాలకు వద్దాం.

మొదటిది: "సేద్యంలో మిగిలేదేముంది? ఎకరం అమ్మితే పిల్ల పెళ్ళి, పిల్లవాడి చదువు రెండూ తీరతాయి. అమ్ముకోవద్దనడానికి మీరెవరు?" ఇందులో నిజం ఉంది. ధాన్యం అమ్మి డబ్బు కోసం రోజులు లెక్కపెట్టుకునే రైతును భూమి పట్టుకుని కూర్చోమని నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. సంఘం కూడా ఆ మాట అనదు. భూమి రైతుది. అమ్ముకునే హక్కు అతనిది. అయితే ఒకటి ఆలోచించండి. మన పొలం మీదుగా పోయే బోదె మనది కాదు. మన పొలంలో ఆగే వాన నీరు మన ఒక్కరిదీ కాదు. పైవాడు తన నీరు మన మీదుగా వదిలే హక్కును మనం ఒప్పుకున్నాం కాబట్టే కిందివాడు మన నీరు తన మీదుగా పోనిస్తున్నాడు. డెల్టాలో తరతరాలుగా నడుస్తున్న ఒప్పందం ఇది. రిజిస్ట్రారాఫీసులో రాసుకోకపోయినా అందరం పాటిస్తున్నాం. పొలం అమ్మినప్పుడు ఈ ఒప్పందం కొన్నవాడి మీదకూ వెళ్ళాలి. కొన్నవాడు బోదె మూసేస్తే అమ్మినవాడు తనది కానిది అమ్మినట్టే లెక్క. కాబట్టి మనం అడ్డుపడేది అమ్మకానికి కాదు, నీటి దారి పూడ్చడానికి.

రెండోది: "పేదవాళ్ళకు ఇళ్ళు వస్తుంటే రైతు సంఘం అడ్డుపడుతోంది అని పేరొస్తుంది." ఈ పేరు మన మీద వేయడానికి కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది. జాగ్రత్తగా ఉండాలి. మన చేలో నాట్లు వేసే కూలీకి, కోత కోసే చేతికి గట్టి ఇల్లు ఉండాలని అడిగే మొదటి గొంతు మనదే కావాలి. కాని వానాకాలం నీళ్ళలో ఉండే సెంటు పట్టా చేతిలో పెడితే అది ఇల్లా? ఊరికి దూరంగా పల్లంలో స్థలం ఇచ్చి, పనికి పోవడానికి రోజూ ఆటోకు డబ్బులు పెట్టుకోమంటే అది మేలా? ఇల్లు కట్టకముందే పునాదికి ఆరడుగులు మట్టి తోలుకోవాలంటే కూలీవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? మంచి చోటు ఇవ్వమని అడగడం పేదవాడి పక్షమే. ముంపు చోటు అంటగడుతుంటే మాట్లాడకుండా ఊరుకోవడమే పేదవాడికి ద్రోహం.

పైగా భూమి మింగకుండా ఇళ్ళు కట్టే దారి ఉంది. పట్నాల్లో టిడ్కో ఇళ్ళు మూడంతస్తుల మీద 300 అడుగులు, 365 అడుగులు, 430 అడుగుల కొలతల్లో కట్టారు. ఎకరానికి ఎన్ని కుటుంబాలు పడతాయో సెంటు ప్లాట్లతో పోల్చి చూడండి. ఆ ఇళ్ళలో చాలా వాటిని ఏళ్ళ తరబడి పూర్తి చేయక, నీరు, కరెంటు, రోడ్డు ఇవ్వక పాడుపెట్టారు. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది ఇంకో ప్రభుత్వం పట్టించుకోదు. కట్టినవి ఇవ్వకుండా కొత్తగా ఆవ భూములు వెతకడం ఎవరి కోసం? ఇప్పుడు పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు అంటున్నారు. ఎక్కువ ఇవ్వడం మంచిదే, మనం కాదనం. కాని స్థలం రెట్టింపైతే కావలసిన భూమీ రెట్టింపవుతుంది. అది ఎక్కడి నుంచి తీస్తారో ముందే చెప్పాలి. చెప్పకపోతే మళ్ళీ చూపు మన పల్లాల మీదే పడుతుంది.

మూడోది: "పట్నం పెరగకుండా ఆపగలమా?" ఆపలేం, ఆపనక్కర్లేదు. ఎటు పెరగాలన్నదే ప్రశ్న. మన ప్రాంతంలో మెరక ఉంది, మెట్ట ఉంది, ఊళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న ప్లాట్లూ ఉన్నాయి. పదేళ్ళ కిందట వేసిన లేఅవుట్లలో ఎన్నింటిలో ఇళ్ళు లేచాయో చూడండి. పిచ్చి తుమ్మ పెరిగినవి చాలా ఉన్నాయి. అటు ఇల్లూ లేదు, ఇటు పంటా లేదు. ఒకసారి గ్రావెల్ పడిన మడిలో మళ్ళీ వరి పండించడం అంత తేలిక కాదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఎవరి పేరూ లేని మనిషి కౌలు రైతు. గోదావరి జిల్లాల్లో చేలో దిగి సేద్యం చేసేది చాలా వరకు అతనే. పొలం అమ్ముడుపోతే డబ్బు పట్టాదారుకు వస్తుంది. కౌలు రైతుకు చివరి దాళ్వా కోసుకో అని ఒక మాట వస్తుంది, అదీ పెద్దమనసున్న కామందు అయితే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సేకరణకు మూడేళ్ళ ముందు నుంచి ఆ భూమి మీద ఆధారపడిన కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబాలే. కాని అతని దగ్గర కాగితమేది? 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. దాని మీద సంతకం పెట్టడానికి చాలామంది భూస్వాములు ఒప్పుకోరు. భూమి లెక్కలో రైతు కనిపించాలంటే ముందు కౌలు కార్డు ఉండాలని మనం ఇన్నాళ్ళుగా అంటున్నది ఇందుకే.

చట్టం మన పక్కన లేదా అంటే ఉంది, కాని కన్నాలతో ఉంది. 2013 చట్టం 10వ సెక్షను రెండు పంటలు పండే నీటి వసతి భూమిని మామూలుగా సేకరించకూడదంటుంది. వేరే దారి లేక తీసుకుంటే అంత బీడు భూమిని సాగులోకి తేవాలంటుంది. మంచి మాట. కాని 2018లో మన రాష్ట్రం ఆ చట్టానికి సవరణ చేసుకుని, పేదల ఇళ్ళు సహా కొన్ని పనులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి, ఈ ఆహార భద్రత సెక్షను నుంచి కూడా మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. ప్రైవేటు వెంచర్లకు ఈ సేకరణ చట్టమే వర్తించదు. వాటికి 2006 నాటి నాలా చట్టం ఉండేది, భూమి మార్పిడికి ముందు అనుమతి తీసుకోవాలని. ఆ చట్టాన్నే రద్దు చేయాలని 2025లో నిర్ణయించారు. అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం 2020లో ఒకసారి, 2025లో మరోసారి పెట్టారు. ముందు తప్పు చేయి, తర్వాత డబ్బు కట్టు అని ప్రభుత్వమే నేర్పితే బోదె పూడ్చడానికి ఎవడు భయపడతాడు? సవరణ తెచ్చింది ఒక పార్టీ, ఆవ భూములు ఎంచింది ఇంకో పార్టీ. మనకు రెండూ ఒకటే.

అయినా పట్టుకోవడానికి ఆధారాలున్నాయి. చెరువులు, కుంటలు, ఊరి ఉమ్మడి భూములను ఆక్రమించి కట్టినవి తొలగించాలని సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. డబ్బు కట్టించుకుని వాటిని క్రమబద్ధం చేయడాన్ని 2011 తీర్పు తప్పుపట్టింది. కలకత్తా తూర్పున ఉన్న పల్లపు భూముల కథ కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి. ఆ నగరపు మురుగునీటితో అక్కడి రైతులు చేపలు, కూరగాయలు, వరి పండిస్తారు. దాన్ని పూడ్చి భవనాలు కట్టబోతే పౌరులు కోర్టుకు వెళ్ళారు. 1992లో కలకత్తా హైకోర్టు వారి పక్షాన ఆదేశాలిచ్చింది. 2002లో ఆ భూములు రామ్‌సార్ జాబితాకెక్కాయి. ఇక నెదర్లాండ్స్ దేశం శతాబ్దాల పాటు గట్లు పెంచుకుంటూ పోయింది. 1993, 1995 వరదల తర్వాత గట్లు ఎత్తు చేయడం ఒక్కటే చాలదని తెలుసుకుని, 30కి పైగా చోట్ల నదికి స్థలం వెనక్కి ఇచ్చే పని పెట్టుకుంది. డెల్టాలో బతకడం మనకంటే ముందు నేర్చిన దేశం నీటికి చోటు వదులుతుంటే మనం ఉన్న చోటు పూడుస్తున్నాం.

సంఘం శాఖలు ఇప్పటి నుంచే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వెంచరు జెండాలు కట్టాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది.

మొదటిది, ఊరి గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. నకళ్ళు తీసి పెట్టుకోండి. బోదెలు, పుంతలు, డ్రెయిన్ పోరంబోకులు ఏ సర్వే నంబరులో ఎంత వెడల్పున ఉన్నాయో అందులో ఉంటుంది. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత పటంతో కొత్త పటం పోల్చండి. బోదె కొత్త పటంలో సన్నబడితే వెంటనే తహసీల్దారుకు రాసివ్వండి.

రెండోది, ప్రతి వానాకాలం ముంపు ఫొటోలు తీయండి. తేదీ, సర్వే నంబరు, నీటి లోతు, ఎన్ని రోజులు నిలిచిందో రాసి శాఖ దగ్గర ఒక పుస్తకంలో పెట్టండి. "ఇక్కడ నీళ్ళుంటాయండీ" అని నోటితో చెబితే రాసుకోని అధికారి, అయిదేళ్ళ ఫొటోలు ముందు పెడితే రాసుకోక తప్పదు.

మూడోది, భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే 60 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కౌలు రైతులూ ఇవ్వాలి. గ్రామసభలో మాట్లాడింది మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కదలకండి.

నాలుగోది, ఇల్లు లేనివారి జాబితా మనమే తయారు చేద్దాం. ఊరి దగ్గర మెరకలో ఉన్న ప్రభుత్వ భూమి ఎక్కడుందో మనమే చూపిద్దాం. వద్దు అనే మాటతో పాటు ఇక్కడ ఇవ్వండి అనే మాట కూడా మన దగ్గర ఉంటే, పేదల వ్యతిరేకులని మన మీద ఎవరూ ముద్ర వేయలేరు. వ్యవసాయ కార్మికులను పిలిచి ఒకే వేదిక మీద కూర్చోబెట్టుకుని ఈ పని చేయాలి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి ఇవి. ఆవ భూములు, డ్రెయిన్ల పక్క పల్లాలు, ఏటా ముంపుకు గురయ్యే సర్వే నంబర్లు గుర్తించి, అక్కడ ప్రభుత్వ కాలనీ గానీ ప్రైవేటు లేఅవుటు గానీ వేయకూడదని ప్రకటించాలి. లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు ఇరిగేషన్, డ్రెయినేజీ శాఖల నుంచి నీటి దారి మూయలేదన్న ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. ఆ పరిశీలనకు నీటి సంఘం ప్రతినిధిని, కింది ఆయకట్టు రైతులను పిలవాలి. పూడ్చిన బోదెను లేఅవుటు వేసినవాడి ఖర్చుతోనే తిరిగి తవ్వించాలి. బోదె, డ్రెయిన్ మీద వేసిన ప్లాట్లను ఏ రుసుముకూ క్రమబద్ధం చేయకూడదు. కట్టి వదిలేసిన ఇళ్ళు ముందు పూర్తి చేసి పేదలకు ఇవ్వాలి. భూమి పోయిన చోట కౌలు రైతుకు, కూలీకి చట్టప్రకారం రావలసిన సాయం ఇవ్వాలి.

బూరుగుపూడిలో జరిగింది ఒక్క ఊరి గెలుపుగా చూడకండి. అక్కడ కోర్టు ఆపింది కాబట్టి ఆగింది. ప్రతి ఊరికీ కోర్టుకు వెళ్ళే స్తోమత ఉండదు, ప్రతిసారీ వాన సకాలంలో పడి సాక్ష్యం చెప్పదు. ఆ పని సంఘం చేయాలి. ఈ సార్వాకు ముందే ప్రతి శాఖ తన ఊరి పల్లాల పటం తయారు చేసి మండల కమిటీకి పంపాలి. జెండాలు కట్టేవాళ్ళు వచ్చేసరికి ఆ పటం మన చేతిలో ఉండాలి.